సైరన్ గదిలో ఇల్మా

ఇల్మా ట్రెగియర్ ఎవర్నీ నమ్మేది కాదు. అంపైర్లనైతే అసలే నమ్మేది కాదు. టాస్ వేసే నాణేన్ని నమ్మదు. లీగ్ వాళ్ళు వేసే మ్యాచ్‌ల పట్టికనూ నమ్మదు. "మనవాళ్ళకే వరసగా మూడు వారాలు బయటి ఊళ్ళలో ఆటలు పడ్డాయంటే ఊరికే పడతాయా?" అనేది. ఒక ఏడాది మా జట్టు కుర్రాడు సెప్టెంబరులో పెళ్ళి పెట్టుకుంటే, "ఫైనల్స్ నెలలో పెళ్ళేమిటి? ఆ పిల్లది ఏ ఊరో కనుక్కోండి" అంది. కనుక్కుంటే ఆ పిల్లది నిజంగానే మా పోటీ ఊరు టాల్గర్రా. ఆ తర్వాత ఇల్మా అనుమానాలను చూసి నవ్వేవాళ్ళు కూడా కాస్త ఆగి నవ్వేవాళ్ళు.

మాది నారబీల్. మా ఆట చేత్తో పట్టుకుని కాలితో తన్నే ఫుట్‌బాల్, మా జట్టు పేరు సారసాలు. గెలిచిన వారం సారసాలంటాం, ఓడిన వారం కొంగలంటాం. నీలం మీద తెల్ల చారల చొక్కాలు. ఇరవై ఆరు కిలోమీటర్ల అవతల టాల్గర్రా. వాళ్ళవి ఎరుపూ నలుపూ. ఆ ఊరి రొట్టె కూడా మావాళ్ళు కొనరు. నేను మా గ్రౌండు క్యాంటీన్‌లో ముప్పై నాలుగేళ్ళు మాంసం కూరిన పైలు వేడి చేసి సాస్ పోసి ఇచ్చినదాన్ని. ఇల్మా మా పక్కింటిది. అందుచేత ఈ కథలో చాలా భాగం నా వంటింటి బల్ల దగ్గర ఆదివారాలు పొద్దున్న నేను స్వయంగా విన్నదే.

ఆమె అనుమానానికి ఒక పుట్టుక ఉంది. 1968 గ్రాండ్ ఫైనల్.

ఇల్మాకి అప్పుడు ఇరవై ఏడేళ్ళు. భర్త వెర్న్ గోధుమ గాదెల దగ్గర పని చేసేవాడు, శనివారాలు మా గోల్ ముందు నిలబడి కాపలా కాసేవాడు. పొడవాటి మనిషి, మాట తక్కువ. ఆ రోజు ఆట టాల్గర్రా గ్రౌండులో. చివరి క్వార్టర్‌లో మేము నాలుగు పాయింట్లు ముందున్నాం. ఇల్మా కంచె దగ్గర నిలబడి, పెళ్ళికి వెర్న్ కొనిచ్చిన చేతి గడియారం చూస్తూ ఉంది. ఆట ఆగిందని అంపైర్ చెయ్యెత్తిన ప్రతిసారీ ముల్లు చూసుకుంది, మళ్ళీ మొదలైనప్పుడూ చూసుకుంది. ఆమె లెక్క ప్రకారం టైమ్ అయిపోయింది. ఆట ముగిసిందని చెప్పే సైరన్ మోగలేదు. ఇంకా మోగలేదు. బంతి మా గోల్ ముందుకి వచ్చింది. వెర్న్ ఎగిరి పట్టుకున్నాడు, చేతుల్లోంచి జారింది. కింద ఉన్న టాల్గర్రావాడు అందుకుని తన్నాడు. గోల్. ఆరు పాయింట్లు. బంతిని మధ్యకి తీసుకెళ్తుండగా సైరన్ మోగింది. రెండు పాయింట్లతో ఓడిపోయాం.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఊళ్ళో ఎవరి చేతిలోంచి పళ్ళెం జారినా, "వెర్న్ పట్టు పట్టావేం!" అనేవాళ్ళు. వెర్న్ నవ్వేవాడు. ఆ మరుసటి ఏడాది చొక్కా వేసుకోలేదు, ఆ మీదట ఇంకెప్పుడూ వేసుకోలేదు. ఇల్మా సైరన్ సంగతి ఎత్తితే, "జారింది ఇల్మా. నా చేతుల్లోంచే జారింది. ఇక వదిలెయ్" అనేవాడు.

ఆమె వదల్లేదు. సైరన్ గదిలో ఇద్దరు టైమ్‌కీపర్లు కూర్చుంటారు, జట్టుకొకరు. ఆ రోజు మా తరఫున పోస్ట్‌మాస్టర్ హాస్కింగ్, పెద్దాయన. వాళ్ళ తరఫున క్లెమ్ డార్గవెల్, రోడ్లు చదును చేసే బండి నడిపేవాడు, ముప్పై ఏళ్ళవాడు. సైరన్ మీట క్లెమ్ వైపు ఉంది. ఇల్మాకి అంతకంటే ఏం కావాలి? క్లెమ్ గోల్ పడేదాకా వేలు బిగబట్టాడు. హాస్కింగ్‌ని అడిగితే ఆయన చూపు తిప్పుకుని, "ఆట అయిపోయిందమ్మా" అన్నాడట. ఆ చూపు తిప్పుకోవడం కూడా ఆమె లెక్కలో రాసి పెట్టుకుంది.

మరుసటి ఏడాది హాస్కింగ్ పోయాడు. క్లబ్బు మీటింగులో టైమ్‌కీపర్‌గా ఎవరుంటారని అడిగితే ఇల్మా చెయ్యెత్తింది. అప్పటి ప్రెసిడెంటు, "ఆడవాళ్ళు సైరన్ గదిలోనా? అక్కడ నిచ్చెనెక్కాలి మిసెస్ ట్రెగియర్" అన్నాడు.

"మా ఇంటి కప్పు మీద రేకులు నేనే బిగించాను. మీ ఇంటివి ఎవరు బిగించారో మీ ఆవిణ్ణి అడగండి" అంది ఇల్మా. గదంతా నవ్వింది. పని ఆమెకి వచ్చింది.

1970లో టాల్గర్రాతో మొదటి ఆట. ఆమె మెడలో ఒక స్టాప్‌వాచ్, కోటు జేబులో ఇంకొకటి. క్లెమ్ చూశాడు.

"ఏం మిసెస్ ట్రెగియర్, రెండు గడియారాలా?"

"ఒకటి ఆటకి. ఒకటి నీకు."

క్లెమ్ నవ్వి తన ఫ్లాస్కులోంచి టీ పోసి జరిపాడు. ఆమె ముట్టుకోలేదు. తన ఫ్లాస్కు తను తెచ్చుకుంది. అలా ముప్పై సీజన్లు, ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు, ఇద్దరూ ఆ గూట్లో మోకాలికి మోకాలు తగిలేంత ఇరుకులో కూర్చున్నారు. ప్రతిసారీ అతను టీ ఇచ్చాడు. ప్రతిసారీ ఆమె వద్దంది. మిసెస్ ట్రెగియర్ పోయి ఇల్మా అయింది, మిస్టర్ డార్గవెల్ పోయి క్లెమ్ అయ్యాడు, అంతే. క్లెమ్ భార్య పోయినప్పుడు ఇల్మా ఒక కార్డు పంపింది. వెర్న్ ఊపిరితిత్తులు దెబ్బతిని 1991లో పోయినప్పుడు క్లెమ్ వచ్చి చర్చి వెనక వరసలో కూర్చున్నాడు. "ఏ మొహం పెట్టుకుని వచ్చాడో" అంది ఆమె నాతో. మళ్ళీ తనే, "వచ్చాడు మరి" అంది.

నేను ఒకసారి అడిగాను. ఇంత అనుమానంతో ఆట ఎలా చూస్తావే, సుఖమేముంది అని.

"గుండ్రటి బంతైతే ఎటు పడుతుందో చెప్పొచ్చే. మన బంతి కోడిగుడ్డులా ఉంటుంది. కింద పడ్డాక ఎటు లేస్తుందో దేవుడికి కూడా తెలీదు. అందుకే నాకిష్టం. దాని తిక్కని దాన్ని పడనివ్వాలి. దాని చుట్టూ ఉన్న మనుషుల చేతులు మాత్రం ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి."

1999 మే నెలలో టాల్గర్రాలో ఆట జరిగిన మరునాడు ఆమె మా వంటింట్లోకి తలుపు తట్టకుండా వచ్చింది.

"ఏమే వెరా, ఆ క్లెమ్ నన్ను సైరన్ మీట నొక్కమన్నాడే!"

"నొక్కావా?"

"నొక్కాను. నొక్కాక వెలిగింది, నొక్కకూడదని. రేపు ఏదైనా తేడా వస్తే వేలు నాదే కదా?"

ఇంకా చాలా ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా కుడివైపు కూర్చునేవాడు ఈసారి ఎడమవైపు కూర్చున్నాడు. గోల్ టైములు రాసే కాగితం ఆమె వైపు తోసి, "నీ రాత బావుంటుంది, నువ్వు రాయి" అన్నాడు. రెండుసార్లు, నవ్వుతున్నట్టే, "చెయ్యెత్తాడా?" అని అడిగాడు. అంపైర్ ఎదురుగానే ఉన్నాడు.

"ముసలాడవుతున్నాడేమోలే" అన్నాను.

"క్లెమ్‌కి అరవై ఒకటే. వాడు నన్ను మెత్తబరుస్తున్నాడు. ఈ ఏడాది వాళ్ళ జట్టు బాగుంది, మన జట్టూ బాగుంది. సెప్టెంబరులో ఈ రెండు జట్లే మిగులుతాయి. ఇప్పట్నుంచే ఏదో అల్లుతున్నాడు."

అంతటితో ఆగక మా క్లబ్బు ప్రెసిడెంటు రస్సెల్ నాన్‌కర్విస్ దగ్గరికి వెళ్ళి, టాల్గర్రావాళ్ళు సైరన్ గదిలో ఏదో చేస్తున్నారని చెప్పింది. రస్సెల్ మందు పిచికారీ బండి కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాకుండానే, "నువ్వక్కడుండగా ఏం చేస్తారు ఇల్మా!" అన్నాడట.

మాకు చలికాలమైన జులైలో టాల్గర్రా మా గ్రౌండుకి వచ్చింది. చలిగాలి గోధుమ గాదెల మీంచి సూటిగా కొడుతోంది. ఇల్మా ఆ రోజు ఒక నిశ్చయంతో నిచ్చెనెక్కింది. క్లెమ్ ఏదో దాస్తున్నాడు, అదేమిటో తేల్చాలి. మొదటి క్వార్టర్‌లో అతని టీ కప్పు చప్పుడు చెయ్యకుండా బల్ల అటు చివరికి జరిపింది. క్లెమ్ చెయ్యి కప్పు ఇదివరకు ఉన్న చోటికే వెళ్ళింది, బల్ల తడిమింది, ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది.

మూడో క్వార్టర్ మధ్యలో ఆట జోరుగా సాగుతోంది. అంపైర్ పరిగెడుతున్నాడు, చేతులు కిందే ఉన్నాయి. ఇల్మా మామూలు గొంతుతో, "ఎత్తాడు" అంది.

క్లెమ్ బొటనవేలు తన గడియారం ఆపింది.

ముప్పై ఏళ్ళుగా ఎవరి వేలిని కాపలా కాసిందో ఆ వేలు ఆమె అబద్ధాన్ని నమ్మింది.

"లేదు, లేదు. ఎత్తలేదు. నడిపించు. నాలుగు సెకన్లు పోయాయి, కలుపుకో" అంది గబగబా.

క్లెమ్ నడిపించాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"ఇప్పుడే."

"చూపు మధ్యలో పోయింది ఇల్మా. అంచులు మిగిలాయి. నీకేసి సూటిగా చూస్తే నువ్వుండవు. పక్కకి చూస్తే నీ చెవి కనిపిస్తుంది."

"మరి మిగతా గ్రౌండుల్లో ఎలా నెట్టుకొస్తున్నావు?"

"విజిల్ వింటాను. కంచె చుట్టూ ఆపిన కార్లలో ఎటువైపు హారన్‌లు మోగితే అటు గోల్. పక్కవాళ్ళు ఎవరూ నీలా కాదు, వాళ్ళనే కాగితం రాయమంటే నా బద్ధకం అనుకుని పోనిస్తారు. నీ దగ్గరే భయం. ఈ సీజన్ కానివ్వు. శనివారం ఈ గది లేకపోతే నేనెక్కడుండాలో నాకు తెలీదు."

అంపైర్ చెయ్యెత్తాడు. "ఎత్తాడు" అంది ఇల్మా. క్లెమ్ ఆపాడు. ఆట అయ్యేదాకా ఆమె చెప్తూనే ఉంది.

ఆదివారం నాతో చెప్పి, "ఎవరికీ చెప్పకు" అంది. సోమవారం వచ్చి, "అసలు నిజంగా పోయాయంటావా? నటిస్తుంటేనో?" అంది. నేను తల పట్టుకున్నాను. కళ్ళు లేవని నటించి టైమ్‌కీపర్ ఏం బావుకుంటాడే అంటే, "అదే నాకూ అంతుపట్టడం లేదు, అందుకే అనుమానం" అంది.

ఆగస్టులో ఒక బుధవారం తన ఆకుపచ్చ కారు తీసుకుని టాల్గర్రా వెళ్ళింది, చెప్పాపెట్టకుండా. క్లెమ్ కూతురు నోలీన్ తలుపు తీసింది. వంటింట్లో క్లెమ్ బఠాణీలు వలుస్తున్నాడు, చేత్తో తడిమి. రేడియో గుండీల దగ్గర, పొయ్యి మీటల దగ్గర తడిమితే తెలిసేలా చిన్న చిన్న రబ్బరు ముక్కలు అంటించి ఉన్నాయి. ఇల్మా అవన్నీ ఒక్కొక్కటీ చూసింది. ఆ రబ్బరు ముక్కలు కొత్తవా పాతవా అని కూడా చూశానంది. అరిగిపోయి ఉన్నాయట.

నోలీన్ బయటికి వెళ్ళాక క్లెమ్ తనంతట తనే అన్నాడు:

"నువ్వెందుకు వచ్చావో తెలుసు. అరవై ఎనిమిది అడుగు."

"అడక్కుండా చెప్పు."

"టైమ్ అయిపోయింది. నేను నొక్కాను. మోగలేదు."

ఆ రోజుల్లో సైరన్ బ్యాటరీ మీద మోగేది. ఆ బ్యాటరీ క్లెమ్ లారీలోది. ఛార్జి అయిందో లేదో అతను చూసుకోలేదు. ఆట రోజు పొద్దున్న సరిచూడాల్సిన వంతు హాస్కింగ్‌ది. ఆయనా చూడలేదు. ఇద్దరూ బల్ల కిందికి వంగి తీగలు లాగి, గీకి, మళ్ళీ పెడుతుండగా గోల్ పడింది. ఆ తర్వాత మోగింది. మొత్తం డెబ్భై సెకన్లు. చెప్దామని క్లెమ్ లేస్తే హాస్కింగ్ చెయ్యి పట్టుకున్నాడట. ఇద్దరి పరువూ పోతుందన్నాడు. కింద టాల్గర్రా జనం అప్పటికే క్లెమ్ తమ్ముణ్ణి భుజాల మీద ఎత్తుకుని తిప్పుతున్నారు. ఆ గోల్ కొట్టింది అతనే.

"మోసం కాదు ఇల్మా. సిగ్గు. మొదటి రోజు చెప్పలేకపోయాను, తర్వాత రోజు అంతకన్నా చెప్పలేకపోయాను."

"వెర్న్ చేతుల్లోంచి జారినప్పుడు..."

"అప్పటికి ఆట లేదు. ఆ గోల్ లెక్కకి రాకూడదు."

ఇల్మా లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. క్లెమ్ టీ పోసి జరిపాడు, ఎప్పట్లాగే. ఆ పూట ఆమె తాగింది. "పంచదార ఎక్కువ" అని మాత్రం నాతో చెప్పింది.

ఆ మాట ఆమె పూర్తిగా నమ్మిందా అంటే, శనివారాలు నమ్మేది, మిగతా రోజులు తర్కించేది. "హాస్కింగ్ చచ్చిపోయాడు. సాక్షి లేడు. పైగా నా అవసరం పడ్డాకే చెప్పాడు" అనేది.

ఈలోగా ఆకుపచ్చ కారు క్లెమ్ ఇంటి ముందు గంటన్నర ఆగి ఉండటం మావాళ్ళెవరో చూశారు. శుక్రవారానికి ఊరంతా తెలిసింది. రస్సెల్ క్యాంటీన్ దగ్గర ఆమెని పట్టుకున్నాడు.

"టాల్గర్రాలో నీకేం పని ఇల్మా?"

"టీ తాగడానికి వెళ్ళాను."

ముప్పై ఏళ్ళుగా ఆమె క్లెమ్ టీ ముట్టదని లీగ్ అంతటికీ తెలుసు. అంతకన్నా పనికిమాలిన అబద్ధం ఎవరూ చెప్పలేరని రస్సెల్ మొహంలో కనిపించింది. నేను పైలు సర్దుతూ తల ఎత్తలేదు. అందర్నీ అనుమానించిన మనిషిని అందరూ అనుమానించడం ఆ రోజు మొదలైంది.

సెప్టెంబరు మూడో శనివారం గ్రాండ్ ఫైనల్. ఆమె ముందే చెప్పినట్టు మేమూ టాల్గర్రా. ఆట ఇద్దరిదీ కాని వెరింజాల్ గ్రౌండులో. కార్లు కంచె చుట్టూ రెండు వరసల్లో ఆగాయి. సైరన్ గదిలోకి నిచ్చెనెక్కుతూ ఇల్మా ఒకసారి వెనక్కి చూసింది. కింద మావాళ్ళే నలుగురు నిలబడి ఆమెనే చూస్తున్నారు. గ్రౌండు వైపు కాదు, ఆమె వైపు.

మూడు క్వార్టర్లు గడిచాయి. చివరి క్వార్టర్ ఆఖరికి టాల్గర్రా నాలుగు పాయింట్లు ముందుంది. ఇంకా నలభై సెకన్లు ఉన్నాయనగా వాళ్ళ ఆటగాడొకడు మోకాలు పట్టుకుని పడిపోయాడు. అంపైర్ చెయ్యెత్తాడు.

"ఎత్తాడు" అంది ఇల్మా. రెండు గడియారాలూ ఆగాయి.

స్ట్రెచర్ వచ్చింది, వెళ్ళింది. బంతి మాది. అంపైర్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. హారన్‌ల హోరులో ఆ విజిల్ గదిలోకి వినిపించదని ఆమెకి తెలుసు. క్లెమ్ బొటనవేలు తన గడియారం మీద పెట్టుకుని, తల ఆమె వైపు వంచి, ఆమె నోట్లోంచి వచ్చే ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె మాట ఒక నిమిషం ఆలస్యమైతే ఒక నిమిషం ఆట పెరుగుతుంది. రెండు గడియారాలూ ఒకటే చెప్తాయి, కాగితం మీద ఇద్దరూ సంతకం పెడతారు. డెబ్భై సెకన్లు అనే మాట తన తలలో ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపించిందని చెప్పింది నాకు.

"ఇన్నాళ్ళూ వాణ్ణి నేను చూస్తూ కూర్చున్నానే. నన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరని అప్పుడు తెలిసింది."

ఆట మళ్ళీ మొదలని అంపైర్ చెయ్యి లేచింది. "నడిపించు" అంది.

మావాళ్ళు బంతిని చేతులు మార్చి, తన్ని, పరిగెత్తారు. చివరి తన్ను ఆకాశంలోకి లేచింది. రస్సెల్ కొడుకు డేన్ గోల్ ముందు ఇద్దరి భుజాల మీదుగా ఎగిరాడు. బంతి అతని చేతులకి ఒక బారెడు దూరంలో ఉండగా ఇల్మా మీట నొక్కింది. సైరన్ మోగింది. తర్వాత బంతి అతని చేతుల్లో పడింది, గట్టిగా, అందంగా. సైరన్ ముందు పట్టి ఉంటే, ఆట ముగిసినా గోల్‌కి తన్నడానికి హక్కు ఉండేది. అంపైర్ తల అడ్డంగా ఊపాడు.

రస్సెల్ నిచ్చెన మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు.

"ఎవరు నొక్కారు?"

"నేనే."

"నా కొడుకు గాల్లో ఉన్నాడు! రెండు సెకన్లు, ఇల్మా! రెండంటే రెండు సెకన్లు ఆగలేకపోయావా?"

"ఆగొచ్చు" అంది ఇల్మా. "ఆగితే నన్ను ఏమంటారు?"

"ఇప్పుడేమంటున్నారో కిందికి దిగి విను!"

క్లెమ్ తన గడియారం చాచి, "నాదీ అదే చెప్తోంది రస్సెల్" అన్నాడు. రస్సెల్ ఆ గడియారాన్ని చూడలేదు. క్లెమ్‌నీ ఇల్మానీ, బల్ల మీద ఒకే ఫ్లాస్కునీ రెండు కప్పుల్నీ చూసి దిగిపోయాడు.

ఆ తర్వాత మూడు వారాలు మా ఊరు ఆమెకి చెయ్యి ఊపలేదు. మా వైపు ఎదురుగా వచ్చే ప్రతి కారుకీ స్టీరింగు మీంచి ఒక వేలైనా లేపుతాం, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా. ఆమె కారు కనిపిస్తే వేళ్ళు లేవలేదు. ఎవరో ఆమె గేటుకి ఎరుపూ నలుపూ మఫ్లరు కట్టి వెళ్ళారు. ఆమె దాన్ని విప్పి, ఉతికి, మడిచి పెట్టింది. "ఉన్ని మంచిది. ఎవరిదో కనుక్కోవాలి. మన ఊళ్ళో ఈ రంగు ఎవరింట్లో ఎందుకుంది?" అంది.

నిజం చెప్పెయ్యమని నేను పోరాను. "చెప్తే వాడి చోటు పోతుంది. మాటిచ్చాను" అంది. ఎప్పుడిచ్చావే అంటే, ఇవ్వలేదు, కానీ ఇచ్చినట్టే అంది.

అక్టోబరులో మా హాల్లో క్లబ్బు మీటింగు. టైమ్‌కీపర్‌ని మార్చాలనేది మొదటి అంశం. ఇల్మా మూడో వరసలో కోటు విప్పకుండా కూర్చుంది. రస్సెల్ మొదలుపెట్టబోతుండగా వెనక తలుపు తెరుచుకుంది. నోలీన్ చెయ్యి పట్టుకుని క్లెమ్ డార్గవెల్ లోపలికి వచ్చాడు. నారబీల్ హాల్లో టాల్గర్రావాడు! ఎవరో ఈల వేశారు.

క్లెమ్ టోపీ తీసి నిలబడ్డాడు. "నాకు కళ్ళు కనిపించవు. రెండేళ్ళుగా తగ్గుతూ వచ్చి ఈ ఏడాది పోయాయి. ఫైనల్ రోజు నేను గ్రౌండు చూడలేదు, గడియారం చూడలేదు. ఈవిడ ఆపమంటే ఆపాను, నడిపించమంటే నడిపించాను. ఇంకో అయిదు నిమిషాలు ఆడించినా సంతకం పెట్టి ఉండేవాణ్ణి. మీవాళ్ళు గెలిచేవాళ్ళు. నాకు తెలిసేది కూడా కాదు" అన్నాడు. తర్వాత 1968 చెప్పాడు. బ్యాటరీ, తీగలు, హాస్కింగ్, డెబ్భై సెకన్లు. "వెర్న్ ట్రెగియర్ చేతుల్లోంచి బంతి జారేటప్పటికి ఆట అయిపోయింది" అన్నాడు.

అప్పుడు మూడో వరసలోంచి ఇల్మా లేచింది.

"ఈ సంగతి నేను నీ కళ్ళ గుట్టు పట్టుకున్నాకే చెప్పావు. అది కూడా చెప్పు."

"అవును. అప్పుడే చెప్పాను."

"బ్యాటరీ ఎవరిది?"

"నాది."

"హాస్కింగ్ చెయ్యి పట్టుకున్నాడన్నావు. ఏ చెయ్యి?"

క్లెమ్ ఆలోచించాడు. "గుర్తులేదు ఇల్మా."

"సరే" అని కూర్చుంది. ఏదో ఒక చెయ్యి చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదని నాతో తర్వాత అంది.

వెనకనుంచి ముసలి పెర్సీ రడ్జ్, "గుడ్డివాడి కథ! ఈవిడే నేర్పి తెచ్చుంటుంది" అన్నాడు. కొందరు తలలూపారు కూడా. రస్సెల్ మాత్రం బల్ల మీది కాగితాల్ని అటూ ఇటూ జరుపుతూ, "వాడికి కనిపించదని తెలిసి కూడానా ఇల్మా?" అన్నాడు.

"తెలిసే."

"డేన్ పట్టిన పట్టు బాగుంది కదా?" అన్నాడు రస్సెల్. అదేం ప్రశ్నో ఎవరికీ అర్థం కాలేదు.

"ఈ ముప్పై ఏళ్ళలో అంత మంచి పట్టు చూడలేదు" అంది ఇల్మా.

కప్పు టాల్గర్రాకే ఉండిపోయింది. లీగ్ వాళ్ళు ఇద్దరు టైమ్‌కీపర్లనూ తీసేశారు, అతన్ని చూపు లేనందుకు, ఆమెని తెలిసీ దాచినందుకు. ఆమె ఆ ఉత్తరం నాకు చూపించి, "న్యాయమే" అంది. ఆ మాట లీగ్ వాళ్ళ గురించి ఆమె నోట నేను విన్నది అదొక్కసారే. వెర్న్ పట్టు అంటూ సామెతలా తిరిగిన మాట ఊళ్ళో మెల్లగా ఆగింది, పూర్తిగా కాదు. పెర్సీ ఇప్పటికీ అంటాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో టాల్గర్రా మా గ్రౌండుకి వచ్చింది. నోలీన్ తన తండ్రిని దింపి, పక్కనే ఆడపిల్లల నెట్‌బాల్ ఆట చూడటానికి వెళ్ళింది. ఇల్మా ఆకుపచ్చ కారు కంచె దగ్గర ఆగి ఉంది. క్లెమ్ తడుముకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. నేను రెండు పైలు పట్టుకెళ్ళి కిటికీలోంచి ఇచ్చాను. ఆమె అతనికి ఆట చెప్తోంది.

"మీవాడు తన్నాడు. పక్కకి పోయింది. ఒక పాయింటే."

"హారన్‌లు గోల్‌కి మోగినట్టు మోగాయి."

"మావాళ్ళు ఎగతాళికి మోగించారు."

"ఎగతాళి హారన్ పొట్టిగా ఉంటుంది ఇల్మా. ఇది పొడుగ్గా ఉంది."

"కళ్ళున్నది నాకా నీకా?"

క్లెమ్ చేతిలో ఉన్న పై ఒకసారి కొరికాడు, నెమ్మదిగా నమిలాడు. తర్వాత తన వైపు అద్దం కిందికి దించి, పక్క కారులో ఉన్న మనిషిని పిలిచి స్కోరెంత అని అడిగాడు.